ఎలుగుబంటికి జిమ్ అక్కర్లేదు!

మీకు తెలుసా? అమెరికా నల్ల ఎలుగుబంటి చలికాలంలో తిండీ నీళ్లూ మాని గుహలో ముడుచుకుని పడుకుంటుంది. అలా 130 రోజులు గడిచినా దాని బలం పావు వంతు కూడా తగ్గదు. మనమైతే వారం రోజులు జ్వరంతో మంచం పట్టామా, లేచి మెట్లెక్కడానికి గోడే దిక్కు!

మీకు తెలుసా? లింగంపల్లికి కూతవేటు దూరంలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించారు. 2025లో ఫలితం బయటపెట్టారు: నూటికి 84 మందికి కాలేయంలో కొవ్వు! ఎలుగుబంటి కూడా కొవ్వు పోగేస్తుంది. కాకపోతే దానికో ప్లాన్ ఉంటుంది.

చింపాంజీకి మనకన్నా అయిదింతల బలమని విన్నారా? మరి ఇది తెలుసా? 2017లో శాస్త్రవేత్తలు లెక్కగడితే, కండకు కండ పోల్చినప్పుడు దాని శక్తి మనకు 1.35 రెట్లే! చింపాంజీ కండల్లో వేగంగా బిగిసే పోగులు 67 శాతం. మనకు మూడో వంతు కూడా లేవు. మనవి నెమ్మది సరుకు, కానీ తొందరగా అలసిపోవు. చేతుల కుస్తీలో చింపాంజీదే గెలుపు. లింగంపల్లి నుంచి ఫలక్‌నుమాకు నడక పందెమా? రానివ్వండి!

మీకు తెలుసా? ఒక జాతి పేడపురుగు తన బరువుకు 1,141 రెట్లు లాగేసింది. ఆ లెక్కన 70 కిలోల మనిషి దాదాపు 80 టన్నులు లాగాలి. తమాషా ఏమిటంటే, మేత బాగోకపోతే ఆ వస్తాదు కూడా నీరసపడిపోతాడు. పేడలోనూ మంచి చెడ్డలున్నాయండోయ్!

ఇది వింటే నోరు తెరుస్తారు. మధ్య యూరప్‌లో 7,000 ఏళ్ల కిందట సేద్యం చేసిన ఆడవాళ్ల చేతి ఎముకలను కేంబ్రిడ్జ్ పరిశోధకులు నేటి పడవ పందేల క్రీడాకారిణుల ఎముకలతో పోల్చారు. గెలిచింది పాత అమ్మమ్మలే! 11 నుంచి 16 శాతం ఎక్కువ బలం. రోజూ గంటల తరబడి రాతిమీద గింజలు నూరడం వల్లే కావచ్చంటున్నారు. మన ఇళ్లలోనూ తిరగలి, రోకలి అదే పని చేయించేవి, పైసా తీసుకోకుండా. వాటిని అటకెక్కించాం. ఇప్పుడు జిమ్‌కు నెలనెలా డబ్బు కట్టి మరీ ఇనుము ఎత్తుతున్నాం!

మీకు తెలుసా? వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకునేవారు. ఆయన శాకాహారి. అంటే పైనున్నదీ శాకాహారే, కిందున్నదీ శాకాహారే! ఆ సిక్కోలు (శ్రీకాకుళం) గడ్డ మీదే పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఒక్క ఎత్తులో 130 కిలోలు లేపారు. అప్పుడే పుట్టిన గున్న ఏనుగు బరువు సుమారు 100 కిలోలే.

ఆఖరుగా ఒకటి. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన తండ్రికి పుట్టిన రాజా చారి 2021–22లో 177 రోజులు అంతరిక్షంలో ఉన్నారు. భార రహిత స్థితిలో కండలు కరిగిపోతాయి కాబట్టి అక్కడ రోజుకు దాదాపు రెండు గంటల కసరత్తు తప్పదు. అదీ పట్టీలతో కట్టేసుకుని పరుగెత్తాలి. లేదంటే ట్రెడ్‌మిల్ కింద, మనిషి పైకప్పు మీద!