మిణుగురు వెలుగులో మందుల వేట

కరెంటు పోయిన రాత్రుల్లో కాలవ గట్టు తుప్పల్లో మెరిసే మిణుగురులను మనమందరం చూసినవాళ్ళమే. వాటిని సీసాలో వేసి చదువుకోవచ్చేమోనని మేమూ చూశాం. ఒక్క అక్షరమూ కనిపించలేదు! ఆ వెలుగుతోనే నేడు క్యాన్సర్ మందులు వెతుకుతున్నారంటే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ నమ్మకపోవచ్చు.

మిణుగురు ఒంట్లో లూసిఫెరిన్ అనే పదార్థం ఉంటుంది. లూసిఫెరేజ్ అనే ఎంజైమ్ దాన్ని ఆక్సిజన్‌తో కలిపితే వెలుగు వస్తుంది. అయితే ఏటీపీ కూడా కావాలి. అది జీవకణానికి రోజు ఖర్చుల చిల్లర లాంటిది. దాన్ని 1929లో అమెరికాలో ఫిస్కేతో కలిసి కనుగొన్నవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా కనుగొన్నారు.

లూసిఫెరేజ్ జన్యువును క్యాన్సర్ కణాల్లో ప్రవేశపెడితే అవీ వెలుగుతాయి. వీటినే రిపోర్టర్ కణాలంటారు, అంటే లోపలి కబురు బయటికి చెప్పే విలేఖరులన్నమాట. ఇడ్లీ రేకులాంటి ప్లాస్టిక్ పళ్ళెంలో 96 చిన్న గుంటలుంటాయి. అన్నిటిలో ఈ కణాలు వేసి, ఒక్కో గుంటలో ఒక్కో రసాయనం కలుపుతారు. రెండు మూడు రోజుల తర్వాత లూసిఫెరిన్ పోస్తారు. బతికున్న కణాలు వెలుగుతాయి. చచ్చినవాటిలో ఏటీపీ మిగలదు కనుక వెలగవు. మన కంటికి ఆనని ఆ వెలుగును యంత్రం కొలుస్తుంది.

మరి గుంట చీకటైతే మందు దొరికినట్టేనా? ఇక్కడే మోసపోతాం. కొన్ని రసాయనాలు క్యాన్సర్ కణాన్ని తాకనే తాకవు, లూసిఫెరేజ్ పనిని మాత్రం అడ్డుకుంటాయి. కణం బతికే ఉంటుంది, దీపం ఆరిపోతుంది. అందుకే రెనిల్లా అనే సముద్రజీవి నుంచి తెచ్చిన మరో ఎంజైమ్‌నూ పెట్టి రెండు వెలుగులనూ పోల్చి చూస్తారు. మంచి కణాలనూ చంపుతోందేమో వేరే చూడాలి. క్యాన్సర్ కణాలతో సమానంగా మంచి కణాలనూ చంపేది మందుగా పనికిరాదు.

సుబ్బారావు గారి కాలంలో ఈ సదుపాయం లేదు. ఆయన నాయకత్వంలో లెడర్లీ సంస్థవారు ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే రసాయనాలను తయారుచేసి, బ్యాక్టీరియా పెరుగుదల ఆగుతుందో లేదో చూసేవారు. వాటిలో ఒకటైన అమైనోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి మేలు కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ మేలు ఎక్కువ కాలం నిలవలేదు. ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను నేటికీ లుకేమియా వచ్చిన పిల్లలకు ఇస్తున్నారు.