కాల్ సెంటర్ సంభాషణల మూల్యాంకన పత్రం: కృష్ణపట్నం నేపథ్యంలో భాషాపరమైన పరిశీలన

వ్యాస సంగ్రహం:
కాల్ సెంటర్‌లో జరిగే సంభాషణ నాణ్యతను నిర్ణయించడానికి మార్కుల పట్టిక ఒకటి ఉంటుంది. ఇంగ్లీషు సంభాషణ కోసం తయారైన పట్టికను తెలుగు కాల్‌కు యథాతథంగా వర్తింపజేస్తే మర్యాద, స్థలనామం, మాండలికం అనే మూడు చోట్ల కొలత తప్పుతుందని ఈ వ్యాసం వివరిస్తుంది. ఉదాహరణలకు నెల్లూరు జిల్లా కృష్ణపట్నం పరిసరాలను తీసుకోవడం జరిగింది. ఇందులోని సంభాషణలు, మార్కులు, లెక్కలు వివరణ కోసం కల్పించినవి.

కీలకపదాలు: మూల్యాంకనం, కాల్ సెంటర్, మర్యాద, మాండలికం, కృష్ణపట్నం, కప్పా గుణకం.

1. ఉపోద్ఘాతం:
2004 జనవరి 21న కిసాన్ కాల్ సెంటర్లు, 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అత్యవసర సేవ ప్రారంభమయ్యాయి. ఫిర్యాదుల స్వీకరణకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023 మే 9న 1902 నంబరుతో ‘జగనన్నకు చెబుదాం’ ఆరంభించింది. సముద్రంలో ఆపద వస్తే తీర రక్షక దళానికి 1554 ఉంది. అర్జీ రాయడం రానివారు కూడా ఇప్పుడు నోటిమాటతో ప్రభుత్వాన్ని చేరగలుగుతున్నారు. ఆ మాటను అవతలివారు ఎలా విన్నారో నిర్ణయించేది మూల్యాంకన పత్రమే. కనుక దాని నిర్మాణం యాజమాన్య శాస్త్రానికి మాత్రమే వదిలిపెట్టదగిన విషయం కాదు.

2. పత్రం నిర్మాణం:
స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లిన అధ్యాపకులకు ఈ పత్రం స్వభావం సులభంగానే బోధపడుతుంది. ప్రశ్నపత్రంతోపాటు వచ్చే మూల్యాంకన సూత్రావళి వంటిదే ఇది. సంభాషణను అంశాలుగా విభజించి, ప్రతి అంశానికి మార్కులు కేటాయిస్తారు. వీటికి తోడు ‘ప్రాణాంతక దోషం’ అనే వర్గం ఒకటి ఉంటుంది. అది జరిగితే మిగిలిన మార్కులతో నిమిత్తం లేకుండా కాల్ మొత్తానికి సున్నా వేస్తారు.

అత్యవసర సేవకు ఈ వ్యాసకర్త ప్రతిపాదించే విభజన ఇది: స్థలం, ఆపద నిర్ధారణకు 40; సమాచారం సరిగా నమోదు చేసి తగిన సూచన ఇచ్చినందుకు 30; వినడానికి 20; పలకరింపు, ముగింపులకు 10. ఫిర్యాదుల సేవకు ఈ నిష్పత్తి పనికిరాదు. అక్కడ నమోదు, గడువు చెప్పడం ముందుకు రావాలి. ఒకే పత్రాన్ని అన్ని సేవలకూ వాడడం వ్యాసరచనకూ వ్యాకరణానికీ ఒకే సూత్రావళి ఇచ్చినట్లవుతుంది.

3. కృష్ణపట్నం అంటే ఏది?
ముత్తుకూరు మండలంలోని కృష్ణపట్నం ఒక గ్రామం. 2008లో ప్రారంభమైన ఓడరేవుదీ అదే పేరు. నేలటూరులో ఉన్న దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రాన్నీ వాడుకలో ‘కృష్ణపట్నం థర్మల్’ అనే అంటారు. ఈ పరిస్థితిలో ఒక కాల్‌ను ఊహించుకుందాం.

“అయ్యా, కృష్ణపట్నంలో మా తమ్ముడు కిందబడినాడయ్యా.”
“దయచేసి మీ పూర్తి పేరు తెలుసుకోవచ్చా?”

‘కాల్ చేసినవారి పేరు అడిగారా?’, ‘దయచేసి అన్నారా?’ అనే రెండు గడులకూ ఇక్కడ పూర్తి మార్కులు పడతాయి. కాని అంబులెన్సు ఊళ్లోకి వెళ్లాలా, రేవు గేటుకు వెళ్లాలా, నేలటూరుకా అన్నది తేలలేదు. “ఊళ్లోనా అన్నా, పోర్టులోనా? పక్కన ఏముంది?” అని అడిగిన ఉద్యోగికి పై రెండు గడుల్లోనూ మార్కులు పోతాయి, ప్రాణం నిలిపే ప్రశ్న మాత్రం అతనిదే. కాబట్టి ‘స్థలాన్ని ధ్రువీకరించారా?’ అని రాస్తే చాలదు. ‘ఒకే పేరున్న స్థలాలను వేరుచేసే ప్రశ్న వేశారా?’ అని రాయాలి. అలా వేయకపోవడాన్ని ప్రాణాంతక దోషంగా పరిగణించాలి.

4. మర్యాద, మాండలికం:
మర్యాదను భాషాశాస్త్రంలో సిద్ధాంతీకరించిన పెనెలోపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్‌సన్ రచన 1978లో వెలువడి, 1987లో పుస్తకమైంది. ఎదుటివారికి దగ్గరవడం, ఎదుటివారి స్వేచ్ఛకు భంగం కలగకుండా ఎడం పాటించడం అనే రెండు మార్గాలను వారు వివరించారు. కాల్ సెంటర్ పత్రాలు సాధారణంగా రెండవ మార్గాన్నే మర్యాదగా గుర్తిస్తాయి. తెలుగులో ‘చెప్పండి’ అన్నప్పుడు గౌరవం క్రియలోనే ఇమిడి ఉంది. దానికి ‘దయచేసి’ చేరిస్తే గౌరవం పెరగకపోగా ప్రకటన చదివినట్లుంటుంది. పెద్దావిడను ‘అమ్మా’ అని, వయసువాడిని ‘అన్నా’ అని పిలవడం దగ్గరితనపు మర్యాద. దానిని ‘వృత్తిధర్మానికి విరుద్ధం’ అని కొట్టివేసే గడి తెలుగు తెలియని గడి.

కాల్ చేసినవారి మాట విషయంలోనూ జాగ్రత్త అవసరం. ‘యాడ’, ‘కాడ’ వంటి రూపాలు ఈ ప్రాంతంలో నిత్యవ్యవహారం. తీరంలోని పట్టపు మత్స్యకారుల మాటలో తమిళ లక్షణాలు వినిపిస్తాయి. “సరిగ్గా మాట్లాడండి” అన్న ఉద్యోగికి ఏ గడిలోనూ మార్కు తగ్గకపోతే ఆ పత్రం లోపభూయిష్ఠమే. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తి పదకోశం వంటి కృషిని శిక్షణలో వాడుకోవచ్చు. మన పరిశోధన అలమరా దాటి బయటికి రావడానికి ఇదొక దారి.

5. ఇద్దరు దిద్దితే:
ఒకే కాల్‌ను ఇద్దరు విడివిడిగా దిద్ది పోల్చుకోవడం తప్పనిసరి. 50 కాల్స్‌లో ఇద్దరూ 35 బాగున్నాయని, 5 బాగా లేవని అన్నారనుకుందాం. మిగిలిన 10లో విభేదించారు. అందులో చెరి 5 బాగున్నాయన్నారు. ఏకీభావం 80 శాతం. అయితే ఇద్దరూ పదింట ఎనిమిదిటిని బాగున్నాయనేవారే కనుక, యాదృచ్ఛికంగానే 68 శాతం కలుస్తుంది. జేకబ్ కోహెన్ 1960లో ప్రతిపాదించిన కప్పా గుణకం ఈ యాదృచ్ఛిక భాగాన్ని తీసివేస్తుంది. 12ను 32తో భాగిస్తే వచ్చేది 0.375 మాత్రమే. ఎనభై శాతం చూసి సంతోషించవలసిన పని లేదు. విభేదించిన పది కాల్స్‌ను ఇద్దరూ కలిసి మళ్లీ విని, ఏ గడి వాక్యం రెండర్థాలు ఇచ్చిందో గుర్తించి తిరగరాయాలి.

నమూనా పరిమాణం కూడా చిన్న విషయం కాదు. రోజుకు 60 చొప్పున 25 రోజులు పనిచేసిన ఉద్యోగి 1,500 కాల్స్ తీసుకుంటాడు. వాటిలో అయిదింటిని విని అతని ప్రోత్సాహక వేతనాన్ని నిర్ణయిస్తే, మిగిలిన 1,495 లెక్కలోకి రానట్లే. విద్యార్థికి పునర్మూల్యాంకనం కోరే హక్కు ఉంది. ఉద్యోగికీ తన కాల్‌ను తాను విని, మార్కుపై అభ్యంతరం తెలిపే గడి పత్రంలోనే ఉండాలి. ఆ అభ్యంతరాన్ని మొదట దిద్దినవారు కాక వేరొకరు, వీలైతే ఆ ప్రాంతపు మాట తెలిసినవారు, పరిశీలించాలి.