ఓడ బొమ్మ ఒక్క చేత్తో అయ్యేది కాదు



మన హాస్టల్లో కాయితప్పడవ చెయ్యనివాడు లేడు. వాన పడితే చాలు, కాలవ నిండా పడవలే! అయితే కాయితప్పడవ వేరు, ఓడ నమూనా వేరు. అసలు ఓడ కొలతలు తీసుకుని, అన్నిటినీ ఒకే లెక్కన తగ్గించి, ముక్కు, తెరచాప, చుక్కాని, లంగరు అమర్చి చేసేదే నమూనా. ప్రపంచంలో చాలా దేశాల్లో చిన్నాపెద్దా దీన్ని సరదాగా చేస్తారు. మన దేశంలో ఎన్.సి.సి. నౌకా విభాగం కేడెట్లకు నౌ సైనిక్ క్యాంపులో ఇదొక పోటీ. దీన్ని ఎట్టా చెయ్యాలో, ఇందులో స్నేహితుడు ఎందుకు కావాలో ఈ వ్యాసంలో చెప్తాను.

మనకీ ఓడలకీ ఏం సంబంధం?

"పత్తి చేలు, మిరప తోటల మధ్య ఉండే మనకి ఓడలెందుకురా?" అని కొందరు అడగొచ్చు. సుమారు 1,800 ఏళ్ల కిందటి శాతవాహనుల నాణేల మీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మ ఉంది. చినగంజాం దగ్గరున్న మోటుపల్లి ఒకప్పుడు పెద్ద రేవు. ఆ ఊరు ప్రకాశం జిల్లాలో ఉండేది, 2022 నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది.

1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో ఒక శాసనం వేయించాడు. దాన్ని అభయ శాసనం అంటారు. అంతకు ముందు రాజులు తుఫానుకి పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాగేసుకునేవాళ్లు. అసలే నష్టపోయినవాణ్ణి మళ్లీ దోచుకోవడం అన్నమాట. గణపతిదేవుడు అట్టా చెయ్యబోమని, న్యాయమైన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని వర్తకులకి మాటిచ్చాడు. తర్వాత 1358లో కొండవీటి అనపోతారెడ్డి కూడా అక్కడే వర్తకుల కోసం శాసనం వేయించాడు. ఈ అభయం సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది.

కొలతల లెక్క

2022 సెప్టెంబరు 2న మన నౌకాదళంలో చేరిన విక్రాంత్ ఓడనే తీసుకుందాం. పొడవు 262 మీటర్లు, వెడల్పు 62 మీటర్లు. 500వ వంతుకి తగ్గిస్తే పొడవు 52.4 సెంటీమీటర్లు, వెడల్పు 12.4 సెంటీమీటర్లు. మన పెట్టె మీద పెట్టుకోవచ్చు.

బరువు సంగతి ఇంకా తమాషా. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 500వ వంతు అవుతాయి కాబట్టి బరువుని 500తో మూడుసార్లు భాగించాలి. విక్రాంత్ పూర్తి బరువు సుమారు 43,000 టన్నులు. భాగించి చూడండి, 344 గ్రాములు వస్తుంది. లెక్కల సారు చెప్పే ఘనం అంటే ఇదే!

సామాను

కొనాల్సింది తక్కువే. ఓడ ఒళ్లు చెక్కటానికి జీలుగు బెండు మంచిది, తేలిగ్గా ఉంటుంది, బాగా తేలుతుంది. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లు తెల్ల పొణికి కర్ర వాడేది కూడా అది తేలికగా, మెత్తగా ఉంటుందనే. తెరచాప కొయ్యకి ఎండిన పత్తి కట్టె, తాళ్లకి నూలు దారం, చాపకి పాత పంచె ముక్క చాలు. తుమ్మబంక నీళ్లలో కరిగిపోతుంది, అందుకని అతికించిన చోట కొవ్వొత్తి మైనం పూయాలి.

కాయితాన్ని నడిమికి మడిచి, సగం ఓడ గీసి కత్తిరించి విప్పితే రెండు పక్కలూ సమానంగా వస్తాయి. దాన్ని బెండు మీద పెట్టి గీసుకుని చెక్కాలి.

ఎందుకు తేలుతుంది? ఎందుకు ఒరుగుతుంది?

ఓడ తన బరువుకి సమానమైన నీటిని పక్కకి నెట్టి తేలుతుంది. ఇది ఆర్కిమెడిస్ సూత్రం. తేలితే సరిపోదు, నిలబడాలి. బరువు పైన ఎక్కువైతే ఓడ పక్కకి ఒరిగి బోర్లా పడుతుంది. అందుకని అడుగున నడిమి గీత వెంబడి ఒక ఇనుప మేకు గుచ్చాలి. మేకు ఒక పక్కకి జరిగితే ఓడ ఆ పక్కకే వాలుతుంది.

తోడు ఎక్కడ కావాలి?

మనం చెక్కిన ఓడలో వంకర మనకి కనపడదు, అలవాటైపోతుంది. ఎదురుగా నిలబడి ఒక కన్ను మూసి చూసే స్నేహితుడికి వెంటనే తెలుస్తుంది. బంక ఆరేదాకా కొయ్యని నిటారుగా పట్టుకోవటానికి ఇంకో రెండు చేతులు కావాలి. ఒకరికి కత్తి చెయ్యి తిరిగి ఉంటుంది. ఏటి పక్క పెరిగినవాడికి నీళ్ల సంగతి తెలుస్తుంది. తండాలో అమ్మ అద్దాల కుట్టు కుడుతుంటే చూసినవాడు తెరచాప నీటుగా కుడతాడు. అన్నీ వచ్చినవాడు మనలో ఎవడూ లేడు, ఏమీ రానివాడూ లేడు.

ఇంగ్లండులో నార్మన్ క్రాస్ అనే చోట 1797 నుంచి 1814 వరకు యుద్ధ ఖైదీల జైలు ఉండేది. అక్కడి ఫ్రెంచి ఖైదీలు తిండిలో మిగిలిన ఎముకలని దాచి, శుభ్రం చేసి, తలా ఒక పని పంచుకుని ఓడలు చేసేవాళ్లు. జైలు గేటు దగ్గర సంతలో అమ్ముకునేవాళ్లు. అవి ఇప్పటికీ పీటర్‌బరో మ్యూజియంలో ఉన్నాయి. ఎప్పుడు ఇంటికి పోతామో తెలియని మనుషులకి ఆ పనీ, పక్కనున్న తోడూ ధైర్యం ఇచ్చాయి.

మన హాస్టల్ అభయం

ఇప్పుడు అసలు మాట. చిన్న తరగతి తమ్ముడి ఓడ నీళ్ల తొట్టిలో బోర్లా పడితే మనం చుట్టూ చేరి పకపకా నవ్వుతాం. ఓడ పోతే ఇంకోటి చేస్తాడు. ధైర్యం పోతే మళ్లీ బ్లేడు పట్టుకోడు. పగిలిన ఓడని దోచుకున్న ఆ పాత రాజులకీ మనకీ తేడా ఏముంది?

అట్టాగని బాగాలేనిదాన్ని "సూపర్" అనక్కర్లేదు. ముందు కుదిరినదాన్ని పేరు పెట్టి చెప్పండి: "తమ్ముడూ, ముక్కు బాగా చెక్కావు." తర్వాత తేడా చూపండి: "మేకు ఎడమకి జరిగింది చూడు." చివరికి పక్కన కూచోండి: "పట్టుకుంటా, నువ్వు గుచ్చు." ఈ మూడూ చేస్తే చాలు.

మిరప కోతలు మొదలయ్యాక అమ్మానాన్నలతో కోతకి వెళ్లి, మళ్లీ బడికి రాని పిల్లలు ఉంటారు. వాడి సగం ఓడ ఇక్కడ ఉంటే, "నీ ఓడ జాగ్రత్తగా దాచాం, వచ్చి పూర్తి చెయ్యి" అని ఒక కార్డు ముక్క రాయొచ్చు. తిరిగి రావటానికి వాడికి ఒక కారణం దొరుకుతుంది.

వార్డెన్ సార్లకి ఒక విన్నపం. వరండాలో ఖాళీగా ఉన్న గూడు మాకు ఇప్పించండి. పూర్తయిన ఓడలతో పాటు సగంలో ఉన్నవీ, పగిలినవీ అందులోనే పెట్టుకుంటాం.

— మీ తోటి విద్యార్థి, 9వ తరగతి