మీకు తెలుసా? సైప్రస్‌లోనూ స్టీరింగ్ కుడివైపే!

మధ్యధరా సముద్రంలోని సైప్రస్‌లో కారు నడపడానికి మనవాళ్లు తడబడక్కర్లేదు. 1960 దాకా బ్రిటిష్ పాలనలో ఉన్న దీవి కావడంతో అక్కడా బండ్లు ఎడమవైపే వెళ్తాయి. దారిలో తప్పక ఆగాల్సిన చోట్లు ఇవి:

• పాఫోస్: 1962లో ఓ రైతు పొలం దున్నుతుంటే రోమన్ల కాలంనాటి మొజాయిక్ నేలలు బయటపడ్డాయి. చిన్నచిన్న రంగురాళ్లు పొదిగి, మద్యదేవుడు డయొనిసస్ కథల్ని వాటి మీద బొమ్మకట్టారు.

• హిరోకిటియా: సుమారు 9 వేల ఏళ్ల కిందటి గుండ్రటి ఇళ్ల ఊరు. చనిపోయినవాళ్లను ఇంటి నేల కిందే పూడ్చిపెట్టేవారు.

• ట్రూడోస్ కొండలు: ఇక్కడి 10 పాత చర్చిలు యునెస్కో జాబితాలో ఉన్నాయి. లోపల గోడల నిండా రంగుల చిత్రాలే. ఈ చర్చిల పెంకుల కప్పు బాగా ఏటవాలుగా ఉండటంతో మంచు నిలవకుండా జారిపోతుంది.