మీకు తెలుసా? చివర రెండు గొట్టాలు, మధ్యలో ఒక్కటే దారి!

1975 మోడల్ షెవర్లే కార్వెట్ వెనక రెండు సైలెన్సర్ గొట్టాలు కనిపిస్తాయి, కానీ కారు కింద మధ్యలో పొగ వెళ్లే దారి ఒక్కటే.

1974 వరకూ ఆ స్పోర్ట్స్ కారు వి8 ఇంజన్ రెండు పక్కల నుంచీ వేర్వేరు పైపులు చివరిదాకా వెళ్లేవి. అమెరికాలో కాలుష్య నిబంధనలు బిగిశాక 1975లో పొగలోని కాలుష్యాన్ని తగ్గించే కాటలిటిక్ కన్వర్టర్ వచ్చి చేరింది. కంపెనీ రెండు కన్వర్టర్లు పెట్టలేదు. రెండు పైపులనూ కలిపి ఒకే కన్వర్టర్‌లోకి పంపి, అది దాటాక మళ్లీ రెండుగా చీల్చి రెండు మఫ్లర్లకు (సైలెన్సర్లకు) అతికించింది. కారు పైకెత్తి కింద చూస్తే తప్ప ఈ మార్పు కంటపడదు. మామూలు ఇంజన్ శక్తి కూడా 195 నుంచి 165 హార్స్‌పవర్‌కు పడిపోయింది. ఆ నష్టమంతా పైపులదే అనుకోవడం మాత్రం అన్యాయం, ఇంజన్‌నూ అప్పుడే మార్చారు.

అసలు ఒకే పైపు అంటే ఇంజన్‌కు ఊపిరాడదని కాదు. పొగకు కావలసింది పైపుల సంఖ్య కాదు, లోపలి వైశాల్యం. రెండున్నర అంగుళాల వ్యాసమున్న పైపులు రెండు కలిస్తే దాదాపు 9.8 చదరపు అంగుళాలు. మూడున్నర అంగుళాల పైపు ఒక్కటే దాదాపు 9.6 ఇస్తుంది! రెండు తీసేసి ఒకటి వేయించుకునేవారు ముందుగా ఈ కొలత చూసుకోవాలి. అదే రెండున్నర అంగుళాల పైపు ఒక్కటి మిగిల్చితే దారి సగానికి సగం ఇరుకైపోతుంది.