కుండే పాము గూడు

చెన్నై నుండి మహాబలిపురం వెళ్ళే దారిలో వడనెమ్మెలి అనే గ్రామమున్నది. అక్కడి మొసళ్ళ సంరక్షణ కేంద్రం ఆవరణలో మట్టికుండలు వరుసలు తీరి ఉంటాయి. మూతులకు నూలుగుడ్డలు బిగించి కట్టి ఉంటాయి. కొత్తగా చూచినవారు ఆవకాయ ఊరుతున్నదని భ్రమపడవచ్చు. ఆ కుండలలో ఉన్నవి నాగుపాములు, కట్లపాములు, రక్తపింజరలు, ఇసుకపింజరలు!

ఇరుల గిరిజనులు తరతరాలుగా పాములు పట్టడంలో నేర్పరులు. ఒకప్పుడు చర్మాల వ్యాపారమే వారికి ఆధారం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1976లో చర్మాల ఎగుమతిపై వచ్చిన నిషేధం ఆ బ్రతుకుతెరువును మూసివేశాయి. 1978లో రోములస్ విటేకర్ తోడ్పాటుతో వారు సహకార సంఘం స్థాపించుకున్నారు. నాటినుండి చర్మానికి బదులు విషమే వారికి జీవనాధారమయినది.

పాముకు కుండ ఎందుకు? పాము తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. పరిసరాల నుండే గ్రహించాలి. చీకటి, ఇరుకు దానికి అభయం. మట్టికుండ గోడలు లోపలిని చల్లగా ఉంచుతాయి. గుడ్డ గాలిని రానిచ్చి, పామును పోనివ్వదు.

అమెరికాలో కార్న్ స్నేక్ అనే విషరహిత సర్పాన్ని గాజుపెట్టెలో పెంచేవారు పాటించే సూత్రాలూ ఇంచుమించు ఇవే: దాగడానికి మరుగు, గాలి ఆడే గట్టి మూత. అయితే ఆ పెట్టెలో నీటిపాత్ర, ఒకవైపు వెచ్చదనం, మరొకవైపు చల్లదనం కూడా ఉండాలి. పాము తనకు కావలసినచోటికి జరుగుతుంది. కుండలో ఆ వెసులుబాటు లేదు. అందుకే అది కొద్దివారాల విడిదిగా మాత్రమే తగినది.

ఆ కొద్దివారాలలో కొన్నిమార్లు విషం తీస్తారు. దానిని స్వల్ప మోతాదులలో గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తం నుండి విరుగుడు మందు తయారుచేస్తారు. మన దేశంలో 2000–2019 మధ్య పాముకాటుకు ఏటా సగటున 58,000 మంది బలియైనారని పరిశోధకుల అంచనా. కుండలోని పాము విలువ దీనినిబట్టే తెలుస్తుంది. 2023లో వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరు ఇరుల నిపుణులను ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది.

పాఠకులొక సంగతి మరువరాదు. మన దేశపు పాములను పట్టి ఇంట పెంచుకోవడం చట్టరీత్యా నేరం. ఇరులలకైనా ప్రభుత్వ అనుమతి ఉండవలసినదే. గడువు తీరగానే వారు పాము పొట్టమీది పొలుసు కొద్దిగా కత్తిరించి, అడవిలో విడిచివేస్తారు. అదే పాము మళ్ళీ చేజిక్కితే ఆ గుర్తు చూచి, దాని దారిన దానిని పోనిస్తారు.