ప్రసారంలో చివరి మజిలీ: సైట్ ప్రయోగం వ్యవసాయ విస్తరణకు చూపిన దారి

దమ్మాయిగూడకు దగ్గరలోని ఈసీఐఎల్ చౌరస్తాకు ఆ పేరు ఒక ప్రభుత్వ సంస్థ నుండి వచ్చింది. అది 1967లో అణుశక్తి విభాగం కింద ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్. నేటి విద్యార్థులలో చాలామందికి అది బస్సు మారే చోటు మాత్రమే. అయితే ఉపగ్రహం నుండి నేరుగా పల్లెకు టెలివిజన్ అందించిన తొలి పెద్ద ప్రయత్నంలో గ్రామాల్లో నిలిపిన సమాజ టెలివిజన్ సెట్లను తయారు చేసినది ఈ సంస్థయే.

ఆ ప్రయత్నం పేరు ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం, వాడుకలో సైట్. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలలో ఇది సాగింది. ప్రసారాలు తెలుగు, కన్నడ, ఒరియా, హిందీ భాషలలో వెలువడ్డాయి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలుండేవి. సాయంకాలపు కార్యక్రమాలలో సేద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ ముఖ్యాంశాలు. తెలుగు కార్యక్రమాలు హైదరాబాద్ కేంద్రంలో రూపొందేవి.

సాంకేతికంగా ఇందులోని మెలకువ ఖర్చును నేల నుండి ఆకాశానికి తరలించడంలో ఉంది. అమెరికా నుండి ఏడాదికి అందిన ఏటీఎస్-6 ఉపగ్రహానికి సుమారు 9 మీటర్ల యాంటెన్నా ఉండేది. అది తన శక్తినంతా భారత భూభాగం వైపు కేంద్రీకరించగలిగినందున గ్రామంలో 3 మీటర్ల గిన్నె సరిపోయింది. ఆ గిన్నెను కోళ్ల గూళ్లకు వాడే ఇనుప తీగ వలతో చేశారు. అందిన సంకేతాన్ని సాధారణ టెలివిజన్ గ్రహించే రూపంలోకి మార్చే చిన్న పెట్టె, దాని ముందు ఒక టెలివిజన్: గ్రామంలోని పరికరం ఇంతే. పైనున్నది ఎంత బలంగా ఉంటే కిందనున్నది అంత చవకగా ఉండవచ్చుననే ఈ సూత్రం మీదనే నేటి ఇంటి మీది డిష్ కూడా నిలబడి ఉంది.

విస్తరణ శాస్త్రవేత్తకు అంతకన్నా ముఖ్యమైనది ప్రయోగం తర్వాతి మూల్యాంకనం. ఆరోగ్య విషయాలలో ప్రేక్షకుల జ్ఞానం పెరిగినట్లు కనబడింది. సేద్యంలో ఆ స్థాయి మార్పు రాలేదు. రైతులు ప్రధానంగా అదనపు ఖర్చు, అదనపు సదుపాయం కోరని పద్ధతులనే స్వీకరించారు. ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. చెల్కా నేలకు, నల్లరేగడికి, చెరువు కింది వరిమడికి ఒకే సాయంత్రం ఒకే సలహా సరిపోదు. విత్తనం, అప్పు, నీరు అందుబాటులో లేని రైతుకు తెర మీది దృశ్యం కేవలం చూడదగినదిగానే మిగులుతుంది. ఉపగ్రహం 36,000 కిలోమీటర్ల దూరాన్ని దాటింది. మిగిలిన దూరం రచ్చబండకూ పొలానికీ మధ్యనున్నది.

1976లో ప్రయోగం ముగియగానే ఉపగ్రహం భారతదేశానికి దూరమయింది. 1977 అక్టోబరులో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం భూతల ప్రసారాలు ప్రారంభించింది. 1983లో ఇన్సాట్-1బి రాకతో దేశానికి సొంత ప్రసార ఉపగ్రహ సదుపాయం స్థిరపడింది. అయితే ఇవన్నీ ఒకవైపు మాట్లాడే సాధనాలే. రైతు ఎదురు ప్రశ్న అడిగే వీలు టెలిఫోను వల్ల కలిగింది. 2004 జనవరిలో మొదలైన కిసాన్ కాల్ సెంటర్‌కు 1800-180-1551 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులో సందేహం అడగవచ్చు. తొలి స్థాయిలో జవాబు దొరకని ప్రశ్న విషయ నిపుణుని వద్దకు చేరుతుంది. నా దృష్టిలో సైట్ వదిలిన ఖాళీని కొంతైనా పూరించినది ఈ ఏర్పాటే, ఎందుకంటే ఇక్కడ సలహా రైతు పొలం గురించిన ప్రశ్నతో మొదలవుతుంది.

ఇక అంతర్జాలం. భారత్‌నెట్ లక్ష్యం గ్రామ పంచాయతీ వరకు ఆప్టికల్ ఫైబర్ వేయడం. తీగ పంచాయతీ కార్యాలయానికి చేరిన మాత్రాన పొలం గట్టుకు చేరినట్లు కాదు. ఆ మిగిలిన దూరంలో నేటికీ పనిచేసేది మొబైల్ టవరు, సాధారణ ఫోను, చిన్న సందేశం. ఇక్కడ విద్యార్థులు తరచు పట్టించుకోని ఒక లెక్క ఉంది. ఆంగ్ల లిపిలో ఒక సందేశంలో 160 అక్షరాలు పడతాయి. తెలుగు లిపిలో 70 మాత్రమే. పైగా గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటి ఒక్కో అక్షరంగా లెక్కకు వస్తాయి. ‘కత్తెర పురుగు’ అనే రెండు మాటలకే మధ్యనున్న ఖాళీతో కలిపి 13 స్థానాలు పోతాయి. మిగిలిన 57లో మందు పేరు, మోతాదు, పిచికారీ వేళ ఇమడాలి. ఇమడకపోతే మొదట తీసివేయబడేది తరచు జాగ్రత్త వాక్యమే. అందువల్ల పురుగుమందుల సలహాలకు లిఖిత సందేశం కంటే ముందుగా రికార్డు చేసిన కంఠస్వర సందేశం మేలు. చదవడం రాని రైతుకు అది అందుతుంది, మోతాదును రెండుసార్లు చెప్పే వీలూ ఉంటుంది.